కంటిని ఎవరికి చూపింపవలయును?

నరసరావుపేటలో బస్సు దిగిన పల్లెటూరి మనుష్యుడు "కంటి డాక్టరు ఎక్కడ?" అని యడిగినచో దారినపోవువారు చేయిచూపు తావులు పెక్కు గలవు. అద్దాలషాపు ముంగిట 'కంప్యూటరు ద్వారా కంటిపరీక్ష' అను పలక వ్రేలాడుచుండును. దానికి కొలది దూరమున శస్త్రచికిత్సలు చేయు నేత్రవైద్యుని యాసుపత్రి యుండును. ప్రభుత్వాసుపత్రిలో కంటిగది వేఱుగా నుండును. మందులషాపులో నిలిచియున్న కుఱ్ఱవాడు సైతము, కన్ను ఎఱ్ఱబడినదని చెప్పినంతనే, వెనుకనున్న అలమారనుండి చుక్కలసీసా నొకదానిని తీసి చేతబెట్టుటకు సంసిద్ధుడై యుండును. వీరందఱిని మన పల్నాటి జనులు ఒక్క పేరుననే పిలుతురు. పేరొకటి యగుటచే విద్యయు నొకటియే యని భ్రమించి, విద్య యొకటియే యనుకొనుటచే ఎవరు దగ్గఱనున్న వారి ముందఱనే కూర్చుండి, అచ్చట నంబరు వ్రాయించుకొని, కన్ను పరీక్షింపబడినదను నిశ్చింతతో ఇల్లు చేరుచున్నాము. ఈ యధ్యాయమును నేను వ్రాయుటకు ఆ నిశ్చింతయే కారణము.

మా మేనమామ కారెంపూడి చేరువనున్న యొక పల్లెలో మిరపయు ప్రత్తియు పండించిన రైతు. ఏబదియేండ్లు దాటిన పిమ్మట ఆయనకు చూపు మందగించినట్లు తోచినది. పట్టణమునకు పోయి, అద్దాలషాపులో యంత్రమునకు గడ్డమానించి, చీటీపై నంబరు వ్రాయించుకొని, క్రొత్త అద్దములు చేయించుకొనెను. ఏడాది తిరుగకముందే అవి చాలకపోయినవి, మఱల మార్చెను. మూడవసారి మార్చినప్పుడు గోడమీది పలకలోని కడపటి పంక్తిని సైతము తడబాటు లేక చదివెను గనుక, చూపు దివ్యముగ నున్నదని షాపువారును, మేమును సంతోషించితిమి. అయితే ఆయన గడప తగిలి తూలుటయు, ప్రక్కనుండి వచ్చు ఎద్దును గమనింపకుండుటయు, అన్నము తినుచుండగా కుడివైపున పెట్టిన మంచినీళ్ల చెంబును చేయి తగిలించి పడద్రోయుటయు నానాటికి హెచ్చినవి. వయస్సు పైబడినదని మేమే సర్దిచెప్పుకొంటిమి. కట్టకడపట గుంటూరులో ఒక నేత్రవైద్యుని యొద్దకు గొనిపోగా, ఆ వైద్యుడు కంటి ప్రెషరు కొలిచి, పాపను విప్పార్చు చుక్కలు వేసి, అరగంట కూర్చుండబెట్టి, దీపముతో లోపలికి తొంగిచూచి, ఏమియు పలుకక కొంతసేపు కాగితముపై బొమ్మ గీచుకొని, పిమ్మట మాతో నీటికాసులని చెప్పెను. ఒక కంటి నాడి చాలవఱకు నశించియుండెను. పోయిన చూపు తిరిగిరాదనియు, మిగిలినదానిని మందుతో నిలుపుకొనవలయుననియు విన్నప్పుడు మా మామయ్య అడిగిన ప్రశ్న నేటికిని నా చెవిలో మ్రోగుచున్నది: "మఱి నేను అక్షరాలన్నీ చదివితిని గదయ్యా!"

ఆ ప్రశ్నలోనే మన మందఱమును నేర్చుకొనవలసిన విషయ మిమిడియున్నది. నీటికాసులు కంటినుండి మెదడునకు పోవు నాడిని వెలుపలి అంచులనుండి మెల్లమెల్లగ కొఱుకుకొని వచ్చు జబ్బు. నొప్పి యుండదు, ఎఱుపు రాదు. నడుమ చూపు చిట్టచివఱివఱకును నిలిచియుండును. ప్రక్కచూపు ముందుగా పోవును. గోడమీది పలక కొలుచునది నడుమచూపును మాత్రమే. కావున పల్నాటి పొలములలో ప్రక్కనున్న ఎద్దును చూడలేని మనుష్యుడు పలకమీది చిన్న యక్షరములను నిర్భయముగ చదివి, పరీక్షలో నెగ్గి, ఇంటికి రాగలడు. కంటి ప్రెషరు సాధారణముగ 10 మొదలు 21 మిల్లీమీటర్లలోపున నుండును. అంతకు మించినవారిలో ఈ జబ్బు భయము హెచ్చు. అయితే ప్రెషరు హద్దులో నుండియు నాడి చెడినవారు కలరు. అందుచే లోపలి నాడిని కన్నులార చూడక ఎవరును మీకు నీటికాసులు లేవని చెప్పజాలరు. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 1996 మొదలు 2000 వఱకు నాటి ఆంధ్రప్రదేశములో వేలకొలది జనులను పరీక్షించినప్పుడు, నీటికాసులున్నట్లు తేలినవారిలో అత్యధికులకు తమకట్టి జబ్బు గలదన్న సంగతియే యదివఱకు తెలియదు. మా మామయ్య ఒంటరివాడు కాడు.

ఇపుడు మనము వాడుచున్న అక్షరముల పలకను 1862లో స్నెలెన్ అను డచ్చి వైద్యుడు రూపొందించెను. దానికి పదునొకండేండ్లు ముందుగా, 1851లో, జర్మనీ దేశీయుడైన హెల్మ్‌హోల్ట్జ్ కంటిపాపగుండ వెలుగును లోనికి పంపి వెనుకపొరను చూచుటకు పరికరమును నిర్మించెను. పలక రోగిని ప్రశ్నించును. పరికరము కంటినే ప్రశ్నించును. ఈ రెండు ప్రశ్నలును అడిగినప్పుడే కంటిపరీక్ష యనదగును. మొదటి ప్రశ్నతో నంబరు వచ్చును, రెండవదానితో జబ్బు తెలియును. షాపులోని కంప్యూటరు మొదటి ప్రశ్ననే, అదియును సగమే, అడుగుచున్నది. ఆ యంత్రము కంటిలోనికి వెలుగును పంపి, అది తిరిగివచ్చు తీరునుబట్టి ఒక సంఖ్యను ముద్రించి యిచ్చును. అది ప్రారంభసంఖ్య. దానిని ఫ్రేములో అద్దములు మార్చి మార్చి, "ఇది బాగున్నదా, అది బాగున్నదా" యని ఓపికతో అడిగి సరిచేయువాడు కావలయును. ముద్రితమైన చీటీనే తుదితీర్పుగ గైకొని అద్దములు బిగించు తావునకు, ఎంత చవుకయైనను, నేను పోను.

ఇక ఆ యొక్క పేరుక్రింద దాగియున్న మనుష్యులను వేఱువేఱుగ గుర్తింతము. ఆప్టీషియను అద్దములవాడు. వ్రాసియిచ్చిన నంబరునకు తగినట్లు కటకమును కోయించి, కంటిపాప నడుమకు కటకపు నడుమ సరిగ వచ్చునట్లు ఫ్రేమును అమర్చి, ముక్కుపైన, చెవివెనుక నొత్తిడి లేకుండ సవరించుట యాతని పని. ఇది చిన్నపని యని తలంపరాదు. నంబరు సరియైనదై యుండియు అమరిక తప్పుటచే తలనొప్పితో బాధపడువారిని నేనెఱుగుదును. ఐనను ఆతడు కంటిని పరీక్షించుటకై చదివినవాడు కాడు.

ఆప్టోమెట్రిస్టు వేఱు. ఇతడు మూడేండ్లు తరగతులును, ఒక యేడు ఆసుపత్రిలో సాధనయు కలసి నాలుగేండ్ల పట్టవిద్య నభ్యసించినవాడు. నంబరు తీయుట, కాంటాక్టు లెన్సులు అమర్చుట, చూపు మిక్కిలి తగ్గినవారికి భూతద్దముల వంటి సాధనములు నేర్పుట, ప్రెషరు కొలుచుట, జబ్బు పొడసూపినచో పసిగట్టి వైద్యునియొద్దకు పంపుట ఇతని విద్య. శస్త్రచికిత్స చేయడు. వైద్యపట్టము లేదు. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టములో ఈ వృత్తికిని స్థానము కలిగినది. మన దేశములో ఇతని విలువ ఇంకను ప్రజలకు తెలియదు. డాక్టరు కాడని చిన్నచూపు చూచువారు కొందఱు, డాక్టరే యని భ్రమించువారు మఱికొందఱు. రెండును తప్పులే. ప్రభుత్వాసుపత్రులలో ఆఫ్తాల్మిక్ ఆఫీసరు అను నుద్యోగి యుండును; చూపు కొలుచుట, అద్దములు వ్రాయుట, శుక్లములున్నవారిని గుర్తించి పెద్దాసుపత్రికి పంపుట ఆయన విధులు. నేత్రవైద్యుడు, అనగా ఆఫ్తాల్మాలజిస్టు, ఎం.బి.బి.ఎస్. ముగించి, ఆపైని కంటివైద్యమును ఎం.ఎస్. గా గాని డి.ఎన్.బి. గా గాని డిప్లొమాగా గాని చదివినవాడు. మందులు వ్రాయుటకును, కత్తి పట్టుటకును అర్హత గలవాడు ఇతడే. వీరిలోను రెటీనా చూచువారు, నీటికాసులు చూచువారు, నల్లగ్రుడ్డు పైపొరయగు కార్నియా చూచువారు, పిల్లల కన్నులే చూచువారు, రెప్పల శస్త్రచికిత్సలు చేయువారు వేఱువేఱుగ నున్నారు.

ఈ వర్గముల నన్నిటిని ఒక్క త్రాటిపై కూర్చిన ఘనత మన గుంటూరువైద్యకళాశాలలో చదివిన మనుష్యునకు దక్కుట మనకు గర్వకారణము. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు గుంటూరులోను, పిదప ఢిల్లీలోను చదివి, అమెరికాలో పనిచేసి తిరిగివచ్చి, 1987లో హైదరాబాదున నేత్రవైద్య సంస్థను నెలకొల్పినప్పుడు, షావుకారు, మిస్సమ్మ వంటి చిత్రములను తీసిన ఎల్.వి. ప్రసాద్ గారు స్థలమును ధనమును ఇచ్చి దానికి ఊపిరి పోసిరి. ఆ సంస్థవారు గోపురమువలె అంతస్తులు గల యొక పద్ధతిని అల్లిరి. సుమారు 50 వేల జనాభాకు ఒక దృష్టికేంద్రము. అందులో విజన్ టెక్నీషియను, అనగా ఆ ప్రాంతమునందే పుట్టి ఇంటర్మీడియెటు చదివి, ఒక యేడు శిక్షణ పొందిన యువతీయువకులు కూర్చుందురు. 5 లక్షల జనాభాకు శుక్లముల శస్త్రచికిత్స చేయగల యాసుపత్రి. ఆపైని మహానగరములలో సర్వాంగపూర్ణమైన వైద్యశాలలు. ఈ గోపురములో నన్ను ఆకర్షించిన గుణము క్రింది యంతస్తున నున్నది: ఒక యేటి చదువుతో కూర్చున్న యా పిల్ల తన హద్దును ఎఱిగి, హద్దు దాటినదానిని పై యంతస్తునకు పంపుటనే తన విద్యలో ప్రధానభాగముగ నేర్చుకొన్నది. నేను కంటిపరీక్షకు తగిన మనుష్యుని ఎంచుకొనునప్పుడు చూచు మొదటి లక్షణ మిదియే. "ఇది నాచేత కాదు, ఫలానిచోటికి పొండి" యని ఎన్నడును అనని తావు నాకు నమ్మదగినదిగ తోపదు.

నలుబదియేండ్లు దాటి, సూదిలో దారము ఎక్కింపలేక, పంచాంగమును చేయిచాచి దూరముగ పట్టుకొని చదువువారికి వచ్చినది చత్వారము. చత్వారింశత్ అనగా నలుబది. పేరులోనే వయస్సును చెప్పిన పూర్వుల సూక్ష్మదృష్టి మెచ్చదగినది. దీనికి ఆప్టోమెట్రిస్టు చాలును. అయితే ఆ నలుబదియే నీటికాసులకును, షుగరుకును తలుపు తెఱచు వయస్సు గనుక, మొదటిసారి చత్వారపు అద్దములకు పోయినప్పుడే ఒక్కమారు పూర్తిపరీక్ష చేయించుకొనుట మంచిది. ఆ యొక్క ప్రయాణముతో రెండు పనులు నెఱవేఱును. మా మామయ్య విషయములో జరుగవలసినదియు, జరుగనిదియు నిదియే.

ఎఱ్ఱబడిన కంటి సంగతి వేఱు. ఇచట మన పల్నాడునకు తనదైన కష్టములు కలవు. రెంటచింతల యెండలు రాష్ట్రమంతట ప్రసిద్ధములు. ఆ యెండకును దుమ్మునకును ఏండ్లతరబడి గుఱియైన కూలివారి కంటిలో ముక్కువైపునుండి నల్లగ్రుడ్డుమీదికి కండ ప్రాకుట సర్వసాధారణము. అది మెల్లనిది, తీరికగ వైద్యునికి చూపవచ్చును. తీరిక లేనివి మూడు. పిడుగురాళ్ల సున్నపుబట్టీలలో సున్నము కంటిలో పడుట మొదటిది. సున్నము క్షారము, అది పైపొరను కాల్చి యూరకుండక లోనికి దిగుచునే యుండును. అట్టి సమయమున ఏ వైద్యుని ఎంచుకొనవలయునను విచారము తరువాతిది. మొట్టమొదటి వైద్యము మంచినీళ్ల కుండ. కంటిని వేళ్లతో తెఱచిపట్టి, పైరెప్పను ఎత్తి, ఇఱుకుకొన్న సున్నపు రేణువులను శుభ్రమైన గుడ్డకొనతో తుడిచివేసి, తక్కువలో తక్కువ అరగంటసేపు ధారగ నీరు పోయవలయును. ఆసుపత్రికి పోవుట ఆ పిదప, అదియు నేరుగ నేత్రవైద్యుని యొద్దకు. ఇండ్లలోను ఈ ప్రమాదము కలదు: తాంబూలపు సున్నము నింపిన చిన్న ప్లాస్టిక్ పొట్లమును పిల్లలు ఆటకై నొక్కగా అది ప్రేలి కంటిలో చిమ్ముటచే చూపు పోగొట్టుకొన్న పసివారు మన దేశమున అనేకులు. సున్నపు పొట్లమును అగ్గిపెట్టెవలె పిల్లలకు అందని యెత్తున పెట్టుడు. ప్రత్తిచేలకు, మిరపతోటలకు పిచికారి చేయు మందు కంటిలో పడినను ఈ నీటివైద్యమే ముందు.

రెండవది పంటకాలపు గాయము. వరికోతలలోను, కళ్లములలోను గడ్డిపోచయో, వడ్లగింజ కొనయో, ఆకు అంచో కంటికి గీచుకొనును. మఱునాడు నలకవలె గ్రుచ్చును; మూడవనాడు ఎఱుపు, నీరు, వెలుతురు చూడలేకపోవుట; పిమ్మట నల్లగ్రుడ్డుపై తెల్లని చుక్క. ఆ చుక్క పుండు. చెట్టుచేమలనుండి వచ్చిన బూజుజాతి క్రిమి అందులో పెరుగుచుండుట తఱచు. ఇచటనే మన జనులు చేయు పొరపాట్లు నా హృదయమును కలచివేయుచున్నవి. ఆకుపసరు పిండుదురు, చంటితల్లి పాలు చిలుకుదురు, ఆముదము వేయుదురు, నాలుకతో నలక తీయువారిని వెదకుదురు. ఇవి చాలనట్లు మందులషాపులో స్టిరాయిడు కలిసిన చుక్కలు కొందురు. ఆ చుక్కలతో ఎఱుపు ఒకనాటిలో తగ్గును గనుక మందు పనిచేసినదని సంతోషింతురు; లోపల బూజు మాత్రము అడ్డులేక విజృంభించి, వారము తిరుగకముందే నల్లగ్రుడ్డును తినివేయును. ఈ కంటికి ఆప్టీషియను పనికిరాడు, ఆర్.ఎం.పి. పనికిరాడు, ఆప్టోమెట్రిస్టు సైతము పంపుటకే గాని వైద్యమునకు తగడు. పుండును కొద్దిగ గీకి సూక్ష్మదర్శినిక్రింద చూచి, క్రిమి ఏజాతిదో తేల్చి, దానికి తగిన మందు వేయు నేత్రవైద్యుడు కావలయును. అట్టి సదుపాయము సమీపమున లేకున్నచో, పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రికో, విజయవాడ చెంత తాడిగడపలోనున్న ఎల్.వి. ప్రసాద్ సంస్థకో, గుంటూరు పెద్దాసుపత్రికో ఆనాడే బయలుదేరుట మేలు. మాచర్లనుండి గుంటూరు నూఱు కిలోమీటర్లకు పైబడియే యున్నదని నేనెఱుగుదును. కూలి పోవుననియు ఎఱుగుదును. ఐనను ఈ యొక్క విషయములో ఒకరోజు ఆలస్యము నెలల కూలికంటె ఖరీదైనది.

మూడవది రాళ్లపనివారిది. నాపరాయి గనులలో సుత్తితో ఉలిని మోదునప్పుడు సన్నని యినుపముక్క యొకటి తూటావలె కంటిలోనికి దూసికొనిపోవచ్చును. చిత్రమేమన, ఆ క్షణమున చుఱుక్కుమనుట తప్ప నొప్పి యంతగా నుండకపోవచ్చును. చూపు కూడ బాగుగనే యుండవచ్చును. పైకి నలక కనబడలేదని మానుకొన్నచో లోపల తుప్పుపట్టి కన్ను క్రమముగ చెడును. మోదినప్పుడు తగిలినదని చెప్పి, లోపలివఱకు పరీక్షింపుడని పట్టుబట్టి యడుగవలయును. వీటితోపాటు, కన్ను ఎఱ్ఱబడకుండగనే కంటిముందు మెఱుపులు మెఱసి, నల్లని చుక్కల వాన కురిసినట్లు తోచి, ఒక ప్రక్కనుండి తెఱ దిగినట్లయినచో అది రెటీనా ఊడుట కావచ్చును. నేత్రవైద్యులలోను రెటీనా చూచువారి యొద్దకే, ఆనాడే పోవలయును.

షుగరున్నవారి మాట. టైపు 2 షుగరు బయటపడిననాడే దానితోపాటు కంటిని చూపించి, అటుపైని ఏటేట పాపను విప్పార్చి చూపించుకొనుచుండవలయును. చూపు బాగున్నను సరే. ఈ జబ్బు రెటీనా రక్తనాళములను చూపు చెడకముందే చెఱచును గనుక, చూపు తగ్గినపుడు పోదమనుకొనువారు సగము ఆలస్యమైన పిదప పోయినవారే యగుదురు. షుగరు చూచు డాక్టరు కంటి డాక్టరు వద్దకు పంపకున్నచో మీరే యడిగి పోవుడు. క్షయకు ఎథాంబ్యుటాల్ వాడుచున్నవారును, కీళ్లనొప్పులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుచున్నవారును ఈ కోవలోనివారే.

పిల్లలను గూర్చి ఒక్క విషయమును నొక్కి చెప్పెదను. పిల్లవాని కంటిలోని కండరము బలమైనది; అది తన శక్తితో నంబరును దాచును, ఒక్కొక్కప్పుడు లేని నంబరును చూపును. అందుచే చుక్కలు వేసి ఆ కండరమును కొంతసేపు నిద్రపుచ్చిన పిదపనే పిల్లవాని నిజమైన నంబరు తెలియును. అద్దాలషాపు యంత్రముతో పిల్లలకు నంబరు వ్రాయించుట కూడదని నేను ఖండితముగ చెప్పుచున్నాను. మెల్లకన్నును 'అదృష్టము' అని ముద్దుచేయు ఇండ్లు మన ప్రాంతమున నేటికిని గలవు; ఆ మెల్లకన్ను మెదడు వాడుట మానిన కన్ను కావచ్చును, ఏడెనిమిదేండ్ల లోపున వైద్యము జరిగినచో చూపు తెచ్చుకొనుట సులభము, తరువాత కష్టము. పసిపాప కంటిపాపలో ఫొటోలో గాని దీపకాంతిలో గాని తెల్లని మెఱపు కనబడినచో అది కంటి క్యాన్సరు కావచ్చును. ఇంటిలో చర్చింపక పరుగెత్తవలయును. నెలలు నిండక, 34 వారములకు లోపుననో 2 కిలోలకు తక్కువ బరువుతోనో పుట్టిన శిశువునకు నెలలోపున రెటీనా చూపింపవలయును. 2019 అక్టోబరులో ప్రారంభమైన కంటివెలుగు కార్యక్రమమున బడిపిల్లల చూపును పరీక్షించినప్పుడు జరిగినది జల్లెడపట్టుట; జల్లెడలో మిగిలిన పిల్లవానిని వైద్యునికి చూపుట తలిదండ్రుల పని.

శుక్లములు ముదురవలయునను మాట పూర్వము సత్యము; కటకమును మొత్తముగ బయటికి తీసి, లావుపాటి అద్దములిచ్చిన కాలమున అట్లనిరి. నేడు కంటిలోనే కృత్రిమ కటకమును అమర్చుచున్నారు. 1949లో లండనులో రిడ్లీ అను వైద్యుడు దానికి నాంది పలికెను. ముదిరిన శుక్లమునకు శస్త్రచికిత్స కష్టతరమగును గనుక, చూపు పనికి అడ్డువచ్చినప్పుడే చేయించుకొనవచ్చును. శిబిరములకు పోవుట తప్పు కాదు. మంచి శిబిరములో అద్దములకు వేఱుగ, శస్త్రచికిత్సకు వేఱుగ, ఇంకను లోతైన జబ్బులకు వేఱుగ మనుష్యులను విడదీసి, ఆసుపత్రికి గొనిపోయి శస్త్రచికిత్స చేసి తిరిగి పంపుదురు. శస్త్రచికిత్స చేసిన పిదప చూచువారెవరు, కన్ను ఎఱ్ఱబడినచో ఎవరికి ఫోను చేయవలయును అనునది ముందుగా నడిగి తెలిసికొనుడు.

తలుపుమీది పలకను చదువుట నేర్చుకొనుడు. 'డాక్టరు' అను మాటకంటె పేరు ప్రక్కనున్న అక్షరములు ముఖ్యము. ఎం.బి.బి.ఎస్. యుండి, దాని తరువాత ఎం.ఎస్. (ఆఫ్తాల్మాలజీ), డి.ఎన్.బి., డి.ఓ. వంటివి యున్నచో నేత్రవైద్యుడు, బి.ఆప్టోమ్ ఉన్నచో ఆప్టోమెట్రిస్టు. అల్లోపతి వైద్యుడు తన రిజిస్ట్రేషను సంఖ్యను వైద్యశాలలోను, మందుచీటీమీదను చూపవలయునని 2002 నాటి నియమము గలదు. అడుగుటకు సంకోచింపకుడు: "అయ్యా, మీరు లోపలి నాడిని చూతురా? ప్రెషరు కొలుతురా?" ఔనని చెప్పువారే పూర్తిపరీక్ష చేయువారు. నంబరు చీటీ మీది; అద్దములు ఎచ్చట కొందురో మీ యిష్టము.

పోవునప్పుడు పాత అద్దములను, వాడుచున్న మందులన్నిటిని, షుగరు చీటీలను వెంట గొనిపోవుడు. తలిదండ్రులకో తోబుట్టువులకో నీటికాసులున్నచో ఆ సంగతిని అడుగకముందే చెప్పుడు. రక్తసంబంధీకులలో అది వచ్చుట కద్దు. పాప విప్పారిన పిదప కొన్ని గంటలవఱకు దగ్గఱిచూపు మసకగ నుండును, ఎండ సహింపరానిదై యుండును. కావున బైకుమీద ఒంటరిగ పోవలదు, ఒకరిని తోడు తీసికొనిపోవుడు, గొడుగో తువ్వాలో వెంట నుంచుకొనుడు.

గుంటూరు వైద్యుడు ఆనాడు మా మామయ్యను పంపివేయుచు, ఆయన కుమారులను, చెల్లెండ్రను, మమ్మును కూడ పరీక్షకు రమ్మని చెప్పెను. పెద్దకుమారుడు అప్పటికి నలుబదిమూడేండ్లవాడు, ట్రాక్టరు నడుపువాడు, అక్షరములన్నియు చదువగలవాడు. రెండు నెలలు వాయిదా వేసి, మిరపకోత ముగిసిన పిమ్మట పోయెను. ప్రెషరు హద్దుకంటె హెచ్చుగ నుండెను. నాడి ఇంకను చెడలేదు. ఆ రాత్రినుండి పండుకొనబోవుముందు రెండు కన్నులలోను ఒక్కొక్క చుక్క వేసికొనుచున్నాడు, ఆఱు నెలలకొకమారు తండ్రిని వెంటబెట్టుకొని గుంటూరు పోయి, ఇద్దఱును ఒకే బల్లమీద ప్రక్కప్రక్కన కూర్చుండి తమ వంతుకై వేచియుందురు.